విమానంలో లోపాన్ని పైలట్ కనిపెట్టి ఆపితే పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా అబ్బాయికి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది. రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, అక్కడి నుంచి దుబాయ్‌కి వేరే సంస్థలో ఇంకో టికెట్ కొన్నాం. రేణిగుంటలో ఎక్కబోయే ముందు, పైలట్ విమానం చుట్టూ తిరిగి చూసి చక్రం దగ్గర ఆయిల్ కారుతోందన్నారట. మూడు గంటలు కూర్చోబెట్టి సర్వీసు రద్దు చేశారు. టికెట్ డబ్బు వాపసు వేశారు. దుబాయ్ విమానం పోయింది, ఉద్యోగమూ పోయింది. వాడి ముఖం చూడలేకపోతున్నాం. ఇది జరిగి 22 నెలలైంది. మెయిల్స్ పెడితే ‘పరిశీలిస్తున్నాం’ అంటున్నారు. బోర్డింగ్ పాస్ పడేశాం. విమానాశ్రయంలో పనిచేసే మా బంధువుల కుర్రాడు లాగ్‌బుక్ పేజీ ఫొటో తీసిస్తానంటున్నాడు. అది పెట్టి కేసు వేయొచ్చా సార్?

జవాబు: ముందు క్యాలెండర్ చూడండి. మీకు మిగిలింది రెండు నెలలే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు. కానీ విమాన సంస్థ 1972 నాటి క్యారేజ్ బై ఎయిర్ (విమాన రవాణా) చట్టాన్ని ముందుకు తెస్తుంది. దాని కింద రెండేళ్లు దాటితే హక్కే పోతుంది, మన్నింపు ఉండదు. విమాన సరుకు కేసు ఒకదానిలో 2022లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ‘పరిశీలిస్తున్నాం’ అనే మెయిల్ గడువును ఒక్క రోజు కూడా పెంచదు. ఇన్నాళ్లూ ఆ మెయిల్స్‌నే నమ్ముకుని కూర్చోవడం చాలా పెద్ద అజాగ్రత్త.

ఇక అసలు విషయం. పైలట్ లోపం కనిపెట్టడం మీకు అనుకూలమైన సాక్ష్యం కాదు. బయల్దేరే ముందు చుట్టూ తిరిగి చూడటం ఆయన విధి. చూసి ఎగరనన్నారంటే మీ అబ్బాయి ప్రాణం గురించి ఆలోచించారు. ‘లోపం ఉందని వాళ్లే ఒప్పుకున్నారు’ అని మీరు రాస్తే, ‘భద్రత కోసమే ఆపాం’ అని అవతలి లాయరు ఆ వాక్యాన్నే చదివి వినిపిస్తారు.

ఈ కేసును తేల్చేది ఒక్క ప్రశ్న: ఆ లోపం మొదటిసారి ఎప్పుడు బయటపడింది? పైలట్ గమనించిన ప్రతి లోపాన్నీ టెక్నికల్ లాగ్‌లో, అంటే మీరు చెప్పిన లాగ్‌బుక్‌లో రాయాలి. లైసెన్స్ ఉన్న ఇంజనీరు సరిచేసి సంతకం పెట్టాలి. నిబంధనలు ఒప్పుకునే కొన్ని లోపాలను మాత్రం గడువు పెట్టి వాయిదా వేయవచ్చు. కొన్నింటికి 3 రోజులు, కొన్నింటికి 10, కొన్నింటికి 120 రోజుల దాకా ఉంటుంది. మీ విమానంలో అదే చోట ఆయిల్ కారుతోందని ముందు రోజుల్లోనూ రాసి ఉందా? పైపైన తుడిచి పంపుతూ వచ్చారా? అయితే మీ కేసుకు బలం ఉంది. ఆ పూటే మొదటిసారి కనిపించి ఉంటే బలం చాలా తగ్గుతుంది. సాధ్యమైన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని నిరూపించుకోవాల్సిన బాధ్యత మాత్రం సంస్థదే.

ఆ కుర్రాడితో ఫొటో తీయించవద్దు. గట్టిగానే చెబుతున్నాను. అతని ఉద్యోగం పోతుంది, కేసు కూడా మీదపడవచ్చు. ఎలా వచ్చిందో చెప్పలేని కాగితాన్ని కమిషన్ అనుమానంగానే చూస్తుంది. అదే పేజీని రాచమార్గంలో తెప్పించవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(9) కింద పత్రాలు దాఖలు చేయమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. ఫిర్యాదుతో పాటే పిటిషన్ వేసి, ఆ రోజుకు ముందు నెల రోజుల లాగ్ పేజీలు, ఇంజనీర్ల రికార్డులు అడగండి. వాటిని భద్రపరచమని ఇవాళే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ తర్వాత తేకపోతే, అవి సంస్థకు వ్యతిరేకమనే అనుకోమని వాదించవచ్చు.

బోర్డింగ్ పాస్ పోయినా టికెట్ మెయిల్, రద్దు ఎస్ఎంఎస్, వాపసు పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. ఫోన్లోని వాటికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయండి. ఆ ఫోన్ మార్చవద్దు.

ఎంత అడగాలి? రద్దు గురించి సమయానికి చెప్పకపోతే, గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల్లో 7,500 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది ఇవ్వాలి. టికెట్ డబ్బు వాపసుకు ఇది అదనం. వాతావరణం లాంటి తమ చేతిలో లేని కారణం చూపితే సంస్థ తప్పించుకుంటుంది. నిర్వహణ లోపం దానంతటదే ఆ కోవలోకి రాదన్నది మన వాదన. మూడు గంటల్లో టిఫిన్, నీళ్లు ఇచ్చారా? మీ లేఖలో ఆ మాటే లేదు. రెండు గంటలు దాటితే ఇవ్వాలి. పొగమంచుతో ఆగిన విమానం కేసులో కూడా ప్రయాణికులకు కనీస సదుపాయాలు తప్పవని 2011లో సుప్రీంకోర్టు అంది. ఇది నిరూపించడం తేలిక.

దుబాయ్ టికెట్ నష్టం కష్టమే. వేర్వేరు పీఎన్‌ఆర్‌లతో కొన్నారు కాబట్టి మొదటి సంస్థకు రెండో ప్రయాణం సంగతే తెలియదంటారు. ఉద్యోగ నష్టం అడగాలంటే, ఆ తేదీకి చేరనందుకే తీసేశామని కంపెనీ రాసిన లేఖ కావాలి. అది లేకుండా లక్షలు అడిగితే మిగతా కేసు కూడా పలచబడుతుంది.

మీరు ఉండే చోటే ఫిర్యాదు వేయవచ్చు, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, లేదా వినియోగదారుల ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లో మీ అబ్బాయి పేరు మీద వేయండి. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. నోటీసుకు జవాబు కోసం 15 రోజులకు మించి ఆగవద్దు. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజున ఫిర్యాదు దాఖలు చేయండి.