పికప్ బండి కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పికప్ కొంటానన్నావు, పదేళ్లు ఉంచుకుంటానన్నావు. ఆ రెండో మాటతో లెక్కంతా మారిపోతుంది. మూడేళ్లలో అమ్మేసేవాడు కిస్తీ, మైలేజీ చూసుకుంటే సరిపోతుంది. నువ్వు మాత్రం షోరూముకంటే ముందు మన ఒడిశా రాయగడలో స్పేర్ల దుకాణానికి వెళ్లు. క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, వీల్ బేరింగు, వెనక కమాను (స్ప్రింగు పట్టీల కట్ట) మెయిన్ పట్టీ నువ్వనుకున్న మోడల్‌కి ఈరోజే చేతికి వస్తాయా అని అడుగు. "ఆర్డరు పెడితే విశాఖ నుంచి వస్తుంది" అన్నారంటే ఆ బండి పక్కన పెట్టెయ్. దగ్గర్లో స్కానరు (ఇంజను కంప్యూటర్‌లో లోపం చదివే మిషను) ఉన్న మెకానిక్ ఉన్నాడో లేదో కూడా చూసుకో. ఇప్పటి డీజిల్ బండికి స్పానర్లు ఒక్కటే చాలవు.

తర్వాత నీ సరుకు. గుణుపురం పత్తి తోలితే బరువుకంటే ముందు జాగా నిండిపోతుంది, కాబట్టి డెక్ పొడవు చూడు. సిమెంటైతే 30 బస్తాలకే టన్నున్నర. టన్నున్నర మోసే బండిలో 45 వేస్తే వెంటనే ఏమీ కాదు, అక్కడే మోసపోతారు. ముందు కమాన్లు చదునవుతాయి, తర్వాత వెనక ఇరుసు హౌసింగు బేరింగులు కూత పెడతాయి, చివరికి కమానుని చాసీకి పట్టి ఉంచే హ్యాంగర్ దగ్గర చాసీ చీలుతుంది. రోజూ వేసే లోడుకంటే పావు వంతు ఎక్కువ మోసే బండి తీసుకో.

సుంకి ఘాట్‌లో లోడుతో ఎక్కాలంటే బొలేరో పికప్ 2.5 లీటర్ల ఇంజను, యోధా 2.2 లీటర్లది తక్కువ రేసులో లాగుతాయి. దోస్త్, ఇంట్రా వి30 పికప్‌లవి 1.5 లీటర్ల ఇంజన్లు. అవి చెడ్డవని కాదు, ఊళ్లో పాలకీ కూరగాయలకీ అవే నయం.

సరుకుతో కలిపి బండి మొత్తం బరువు, అంటే ఆర్సీలో రాసే జీవీడబ్ల్యూ, 3,000 కేజీలు దాటితే గూడ్స్ పర్మిట్ కావాలి. కూనేరు దాటి ఆంధ్రాలో పార్వతీపురం వెళ్లొచ్చేవాడివి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకో. లైసెన్సు గురించి బెంగ వద్దు. 7,500 కేజీల లోపు రవాణా బండికి ఎల్ఎంవీ (తేలికపాటి బళ్ల) లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు అసలు తలనొప్పి. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమ్మేవన్నీ బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధన) బళ్లే. డీజిల్ బళ్లలో ఎక్కువవాటికి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని బండే కాల్చుకుంటుంది, కానీ అందుకు పొగ బాగా వేడెక్కాలి. ఆగకుండా పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడవాలి. గోదాము నుంచి బజారుకి మూడు కిలోమీటర్లు, మళ్లీ ఆపు, ఇలా తిరిగే బండిలో ఆ పని సగంలో ఆగిపోతుంది. మసి కాల్చడానికని ఇంజను అదనంగా చిమ్మిన డీజిల్ కొన్ని బళ్లలో ఆయిల్లోకి దిగుతుంది. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గకపోగా మార్కు దాటి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్ కొడుతుంది. ఆయిల్ తినని బండని సంబరపడకు, పలచబడ్డ ఆయిల్ టర్బోని తినేస్తుంది. వెంటనే మార్పించు. మార్చేటప్పుడు మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించు. పాత బళ్ల ఆయిల్ పోస్తే దాని బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది, అది కాలదు. డీపీఎఫ్ లైటు వెలిగిన రోజే పెద్ద రోడ్డెక్కి ఒక అరగంట ఆగకుండా నడుపు. పీకేయిద్దామన్న సలహా వినకు, ఫిట్‌నెస్ పరీక్షలో పట్టుబడతావు.

క్యాన్లలో అమ్మే డీజిల్ పోయకు. నీళ్లు కలిసిందంటే ఇంజెక్టర్లు పోతాయి. వానాకాలంలో వారానికోసారి డీజిల్ ఫిల్టర్ కింది మర తిప్పి నీళ్లు వదిలెయ్. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని ఇంజను ఆపావంటే బ్రేకు రెండు మూడు తొక్కుళ్లకే రాయవుతుంది, పవర్ స్టీరింగూ బిగుసుకుంటుంది.

సెకండ్‌హ్యాండు తీసుకుంటే 2017 నుంచి 2020 మార్చి లోపు బీఎస్4 బండి రిపేరుకి తేలిక. కాకపోతే ఎనిమిదేళ్లు దాటాక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. ఆంధ్రా నంబరైతే అక్కడి రవాణా ఆఫీసు ఎన్వోసీ, ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఎన్వోసీతో పాటు సంతకం చేసిన ఫారం 35 (ఆర్సీలో ఫైనాన్సు కొట్టేయించే కాగితం) చేతికి వచ్చేదాకా బయానా మించి పైసా ఇవ్వకు. చాసీ నంబరు ఆర్సీ చూసి కాదు, చాసీ మీద గుడ్డతో తుడిచి చదువు.

చూడటానికి పొద్దున్నే వెళ్లు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పు. చల్లటి ఇంజను రెండు మూడు తిప్పుల్లో అందుకోవాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, లోడు మీద నల్లగా కక్కితే ఇంజెక్టర్లో, ఎయిర్ ఫిల్టరో, టర్బో పైపు చిరుగో. ఇంజను స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి బోర్లా పెట్టు. కొంచెం అదిరితే ఫరవాలేదు, ఎగిరి పడితే పిస్టన్ రింగులు అయిపోయాయి. మూత లోపల పాలమీగడలా తెల్లగా ఉంటే ఆయిల్లో నీళ్లు చేరాయేమో, హెడ్ గాస్కెట్ చూపించాలి. తర్వాత కింద దూరి హ్యాంగర్ల దగ్గర టార్చి వెయ్యి. కొత్త రంగు అక్కడొక్కచోటే మెరుస్తుంటే కింద వెల్డింగు ఉందని అనుమానించు, గీకి చూడు.

బేరం కుదిరేముందు ఒక్కసారి నీ లోడుతో ఎత్తు ఎక్కించమను. ఒప్పుకోనివాడి దగ్గర కొనొద్దు.

మీ మావయ్య