ఉర్లగడ్డకు ఎరువు ఎంత అని కాదు, మాగిందా అని చూడండి

ప్రశ్న: మాది హోసకోట దగ్గర పల్లె. పోయినేడు దీపావళి తర్వాత ఎకరాలో ఉర్లగడ్డ (బంగాళాదుంప, కుఫ్రి జ్యోతి రకం) నాటినాము. దుక్కిలో ఎనిమిది ట్రాక్టర్ల పేడ తోలించి, మూడుసార్లు యూరియా వేసినాము. గడ్డ పెద్దగానే ఊరింది గానీ తోలంతా గజ్జి. షెడ్డులో పోసినది నెలకే కుళ్లిపోయింది. ఈసారి రసాయనాలు మానేసి కంపోస్టు ఒక్కటే వేద్దామని ఉంది. ఎంత వేయాలి సార్? దిగుబడి పడిపోతుందేమోనని టెన్షన్.

జవాబు: మీరు దిబ్బ పైపొర, అంటే ఈమధ్య పడిన పేడే ఎక్కువగా తోలించి ఉంటారు. పచ్చిపేడ వేసిన మడిలో గజ్జి రావడం తరచూ చూసేదే. ఇది స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా పని. నేలలో సున్నం గుణం ఎక్కువగా ఉండి, గడ్డ కట్టే రోజుల్లో తడి తగ్గితే మరీ రెచ్చిపోతుంది. పొయ్యి బూడిద చల్లే అలవాటుంటే ఈ పంటకు మానుకోండి. గడ్డలు పడటం మొదలైనప్పటి నుంచి నాలుగైదు వారాలు మడి ఆరనివ్వొద్దు, అలాగని నీళ్లూ నిలవనివ్వొద్దు.

ఎరువు మాగిందో లేదో ఇలా చూడండి. పిడికెడు తీసి కొంచెం తడిపి, కవర్లో వేసి మూతి బిగించి మూడు రోజులు నీడన ఉంచండి. విప్పగానే ముక్కు అదిరితే ఇంకా పచ్చిదే. వాన తడిసిన మట్టి వాసన వస్తే తోలుకోవచ్చు. అలాంటిది ఎకరాకు 10 టన్నులు చాలు. 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు బూజు) కలిపి, నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పి 15 రోజులుంచి సాళ్లలో వేస్తే ఇంకా మేలు. బెంగళూరు చెత్త కంపోస్టు కొంటే మాత్రం జల్లెడ పట్టండి, గాజుపెంకులు గడ్డ తవ్వే ఆడవాళ్ల చేతులు కోస్తాయి.

కంపోస్టు ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. 10 టన్నుల్లో అర శాతం లెక్కన 50 కిలోల నత్రజని ఉన్నా, మొదటి పంటకు అందేది అందులో మూడో వంతుకు మించదు. మిగతాది నిదానంగా అందేదాకా మూడు నెలల పంట కాచుకోలేదు. మట్టి పరీక్ష చేయించి, దాని ప్రకారం కొంత రసాయన ఎరువు వేయండి. పొటాష్ తగ్గించొద్దు. యూరియా మాత్రం నెల రోజులకు మట్టి ఎగదోసేటప్పటితో ఆపేయండి. ఆలస్యంగా వేస్తే ఆకు పచ్చగానే ఉంటుంది, తోలు ముదరదు. మీ గడ్డ కుళ్లడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

తవ్వకానికి రెండు వారాల ముందే నీళ్లు ఆపి, చెట్లు కోసేయండి. బొటనవేలితో రుద్దితే తోలు లేవకపోతేనే తవ్వండి. కడగకుండా, దెబ్బతిన్నవి ఏరేసి, గాలి ఆడే నీడలో పల్చగా 10–15 రోజులు ఆరబెట్టండి. తర్వాత చీకట్లో పెట్టాలి, వెలుతురు తగిలితే గడ్డ పచ్చబడుతుంది. 2–4 డిగ్రీల కోల్డ్ స్టోరేజీ విత్తనానికే. వంటగడ్డ అక్కడ పెడితే తియ్యబడుతుంది, చిప్స్ వేయిస్తే నల్లబడతాయి.

ఇంకొక మాట. పోయినేడు కుళ్లిన గడ్డలు అదే దిబ్బలో పారేశారా? అయితే ఆ ఎరువు ఈ మడికి వద్దు, వాడు తెగులు (చెట్టు పచ్చగా ఉండగానే వాడిపోయే జబ్బు) దాని వెంటే రావచ్చు. రాగి చేనుకు తోలుకోండి. టమాటాకు మాత్రం వేయకండి, ఆ తెగులు దానికీ తగులుతుంది.