ఆట తెరకు కొత్త స్కిన్‌లు వేసే మేనల్లుడికి

నాన్నా,

నువ్వు పంపిన ఫోల్డరు మొత్తం తెరిచి చూశాను. స్నేహితులతో కలిసి నెట్‌లో కథల ఆట ఆడటానికి మీరు వాడే ఫౌండ్రీ సాఫ్ట్‌వేర్ తెరకు, ఓరుగల్లు కోట కథ కోసం నువ్వు గీసిన రాతి చట్రాలు చాలా బాగున్నాయి, నీకు చెయ్యి తిరిగింది. కానీ తర్వాతి కథ సముద్రం మీద అంటున్నావు, ఆ తర్వాతది ఇంకేదో అంటున్నావు. ప్రతిసారీ విండో, బటన్, చాట్ కార్డు అన్నీ మొదటినుంచి గీస్తూ కూర్చుంటే కథ అల్లుకునే తీరిక నీకెక్కడ ఉంటుంది? ఒక్కసారి ఓపిగ్గా టెంప్లేటు కట్టుకో. అప్పుడు కొత్త స్కిన్, అంటే తెరకు కొత్త వేషం, ఒక ఆదివారం పనే.

ముందు, కథను బట్టి ఏది మారుతుందో ఏది మారదో విడదీసుకో. రంగు, గరుకుదనం, మూలల్లో నగిషీ, శీర్షికల ఫాంటు మారతాయి. కొలతలు మారకూడదు. నీ ఫోల్డరులో విండో చట్రానికి మూల ఒక కొలత, చాట్ కార్డుకి ఇంకో కొలత, బటన్‌కి మరొకటి. బొమ్మ ఎలా వస్తే దానికి తగ్గట్టు సీఎస్‌ఎస్ (తెర రూపాన్ని చెప్పే కోడ్) రాసుకుంటూ పోయావు. అందుకే బొమ్మ మార్చినప్పుడల్లా సీఎస్‌ఎస్ కూడా తిరగరాయాల్సొస్తోంది. ముందు కొలత ఖాయం చెయ్యి, బొమ్మను అందులో ఇమిడేలా గియ్యి.

చట్రం సంగతి వివరంగా చెప్తాను, పనిలో ముప్పావు వంతు అదే. ఆటగాళ్లు విండోను లాగి పెద్దది చేస్తారు, చిన్నది చేస్తారు. చట్రం ఒకే బొమ్మగా ఉంటే మూలల్లో పద్మాలు సాగిపోయి వికారంగా తయారవుతాయి. అందుకని బొమ్మను తొమ్మిది ముక్కలుగా ఆలోచించాలి. నాలుగు మూలలు, నాలుగు అంచులు, నడుమ ఖాళీ. సీఎస్‌ఎస్‌లో బోర్డర్-ఇమేజ్ చేసేది ఇదే. ఫౌండ్రీ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఫ్యాంటసీ గ్రౌండ్స్‌లో ఫ్రేమ్‌డెఫ్ అనేది కూడా ఇదే పద్ధతి. మీ వాళ్లు రేపు అటు వెళ్లినా ఈ చట్రాలే పనికొస్తాయి.

128 పిక్సెళ్ల చదరం తీసుకో. మూలకు 48, నడుమ 32, మళ్లీ మూలకు 48. పద్మమైనా, ఓడ తాడు ముడి అయినా ఆ 48లోనే ఇమడాలి, ఒక్క పిక్సెల్ కూడా బయటికి రాకూడదు. నడిమి 32 అంచు ముక్క. దాని ఎడమ కొసా కుడి కొసా ఒకదానికొకటి అతికేలా గియ్యి, చీర అంచులో డిజైను ఎక్కడా తెగకుండా సాగినట్టు. రిపీట్ పద్ధతి దగ్గర 'రౌండ్' పెట్టు. 'స్ట్రెచ్' పెడితే ముక్క సాగుతుంది, 'రిపీట్' పెడితే కొసల్లో ముక్క తెగుతుంది, 'రౌండ్' అయితే నిండు ముక్కలే పట్టేలా సర్దుకుంటుంది. ఎగుమతి మాత్రం రెట్టింపు సైజులో, అంటే 256 పిక్సెళ్లలో చెయ్యి. అప్పుడు స్లైస్ (బొమ్మలో మూలను కోసే కొలత) 96, బోర్డర్ వెడల్పు (తెర మీద కనిపించే కొలత) 48. మంచి తెరల మీద గీతలు పదునుగా కనిపిస్తాయి.

నీ తోరణం పై అంచు మధ్యలో ఉంది కదా, అది అక్కడ ఉండకూడదు. విండో వెడల్పయ్యేకొద్దీ తోరణాలు వరసగా పుట్టుకొస్తాయి. ఒక్కటే కావాలంటే చట్రంలోంచి తీసేసి, టైటిల్ బార్ మీద విడి బొమ్మగా నడుమన పెట్టు. తోరణం అంత అందంగా గీశావు, దానికి దాని చోటు ఇవ్వాలి.

చట్రం లోపలి నేపథ్యానికి రంగు బొమ్మలు వద్దు. రాయి, తాటాకు, చెక్క ఏదైనా నలుపు-తెలుపులో, నాలుగు వైపులా అతికేలా 512 పిక్సెళ్ల ముక్క చేసుకో. కింద బ్యాక్‌గ్రౌండ్ రంగు పెట్టి, బొమ్మ నీడలు ఆ రంగులో కలిసిపోయేలా బ్లెండ్ మోడ్ 'మల్టిప్లై' చెయ్యి. అదే రాయి ఒక కథలో నల్లరాయి, ఇంకో కథలో ఎర్ర ఇసుకరాయి అవుతుంది. చట్రాల రంగులకు మాత్రం ఈ చిట్కా పనిచెయ్యదు. వాటిని బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో స్వాచ్ రంగులతో గీసుకో. ఒక స్వాచ్ మారిస్తే ఆ రంగు వాడిన గీతలన్నీ మారతాయి. 2022లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచీ బ్యాచ్ ఎగుమతి కూడా ఉంది, అన్ని ముక్కలూ ఒకే దెబ్బకు బయటికొస్తాయి. ఫైళ్ల పేర్లు పనిని బట్టి పెట్టు. 'రాతి-చట్రం' అని కాదు, 'విండో-చట్రం' అని. రేపు అది తాడు చట్రం అయినా పేరు మార్చక్కర్లేదు.

ఐకాన్లు గీయకు. ఫౌండ్రీలో ఉన్నవి చాలావరకు ఫాంట్ ఆసమ్ అనే ఫాంటులోని గుర్తులు, అక్షరాల రంగే వాటికీ వస్తుంది.

ఇప్పుడు సీఎస్‌ఎస్. దాన్ని రెండు మాడ్యూళ్లుగా (ఫౌండ్రీకి విడిగా జతచేసే భాగాలు) విడగొట్టు. ఒకదానిలో ఫౌండ్రీ క్లాసు పేర్లు, కొలతలు, ఏ భాగానికి ఏ వేరియబుల్ (పేరుపెట్టి దాచుకున్న విలువ) అన్నది. రెండోదానిలో వేరియబుల్స్ విలువలు, బొమ్మలు మాత్రమే. కొత్త స్కిన్ అంటే రెండోదాన్ని కాపీ చేసి విలువలు మార్చడమే, ఏ వరల్డ్‌కు, అంటే ఏ కథకు, ఏది కావాలో అది ఆన్ చేసుకోవచ్చు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2025లో ఫౌండ్రీ 13వ వెర్షన్ వచ్చినప్పుడు ఇంటర్‌ఫేస్‌నే బాగా మార్చేశారు, లైట్, డార్క్ థీములు కూడా తెచ్చారు. మళ్లీ అలాంటిది వస్తే మొదటి మాడ్యూల్ ఒక్కటి సరిచేస్తే చాలు, నీ స్కిన్‌లన్నీ బతుకుతాయి. వేరియబుల్‌లో బొమ్మ దారిని మాడ్యూల్స్ ఫోల్డరు నుంచి పూర్తిగా రాయి. సగం దారి రాస్తే ఏ ఫైలు దగ్గర్నుంచి లెక్కపెట్టాలో అని తికమక వస్తుంది. పాత్రల షీట్ల జోలికి ఇప్పుడే పోకు. ఒక్కో గేమ్ సిస్టమ్‌కు (ఆట నియమాల పద్ధతికి) దాని షీట్లు దానివే, ఆ లోతు వేరు.

చదవడం కష్టమైతే ఎంత అందమైనా దండగే, నాన్నా. అక్షరానికీ నేపథ్యానికీ కాంట్రాస్టు (వెలుగుల నిష్పత్తి) కనీసం 4.5కి 1 ఉండాలి. నీ రాతి చాట్ కార్డు మీద గోధుమరంగు అక్షరాలు నా కళ్లకు ఆనలేదు. మీరు నోట్సు తెలుగులో రాసుకుంటున్నారు కాబట్టి లైన్-హైట్ ఇంగ్లీషుకు పెట్టినట్టు పెడితే కుదరదు. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. 1.6 దగ్గర మొదలుపెట్టి చూసుకో. శీర్షికలకు రామభద్ర, లోపలి రాతకు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ వాడు. మూడూ ఉచితమే. అచ్చయిన ఆట పుస్తకాల్లోంచి నగిషీలు కత్తిరించి వాడకు, అది వేరేవాళ్ల కష్టం.

ఇంకొకటి. ఆట నీ లాప్‌టాప్ నుంచే నడుస్తోంది కాబట్టి, నువ్వు పెట్టిన ప్రతి బొమ్మా మీ ఇంటి నెట్ అప్‌లోడ్ మీదుగానే అందరికీ చేరాలి. అన్నీ తక్కువ సైజులో ఒదిగే వెబ్‌పీ ఫార్మాట్‌లో పెట్టు, పాతబడ్డ లాప్‌టాప్ ఉన్న మీ స్నేహితుడి దగ్గర ముందు పరీక్షించు. బ్లర్ ఎఫెక్టులు అక్కడే మొరాయిస్తాయి.

ఇప్పటికి విండో చట్రం ఒక్కటే ఈ కొలతలతో మళ్లీ గియ్యి. బాగా ఇరుకైన విండోలో ఒకటి, తెరంతా పరిచిన విండోలో ఒకటి స్క్రీన్‌షాట్లు తీసి పంపు. మూలలు చూసి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
అత్త