జ్ఞాపకం అంటే మతికి వచ్చేదేనా?

సందేహం: ఈమధ్య పూర్తి చేసిన నవలలు మరియు ఆత్మకథల మీద నా అభిప్రాయాలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. 'జ్ఞాపకాలు' అని పేరు పెట్టుకున్న పుస్తకాలు కొన్ని నన్ను నిరాశపరిచాయి. తేదీలుండవు, వరస ఉండదు, ఎప్పటివో చిన్న చిన్న సంగతులే పేజీలకు పేజీలు. ఆత్మకథ, స్వీయచరిత్ర, జ్ఞాపకాలు ఒకటేనా? నేను రాసుకునేదాన్ని సమీక్ష అనవచ్చా?

సమాధానం: అమ్మా, మీ మొదటి వాక్యం చదివి మీరు నవలలు రాస్తారనుకున్నాను. తెలుగులో నవల పూర్తి చేసేది రాసినవారు. చదివినవారు 'చదవడం పూర్తి చేస్తారు', లేదా 'చదివి ముగిస్తారు'. ఇక ఆ 'మరియు'. భారతంలో వచనాలకు ముందు 'మఱియు' కనిపిస్తుంది, కాదనను. అక్కడ దానికి 'అంతేకాక' అని అర్థం. రెండు నామవాచకాల మధ్య దాన్ని మేకులా దిగగొట్టడం మన కాలపు అలవాటు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తన పుస్తకానికి 'అనుభవాలూ-జ్ఞాపకాలూనూ' అని పేరు పెట్టారు. రెండు దీర్ఘాలు, చివర ఒక 'నూ'. ఆ 'నూ'లో గోదావరి జిల్లా ఇంటి అరుగు మీద కూర్చుని చెబుతున్న గొంతు ఉంది. 'అనుభవాలు మరియు జ్ఞాపకాలు' అని ఒక్కసారి పైకి చదివి చూడండి, ఆ గొంతు ఎలా ఆగిపోతుందో తెలుస్తుంది.

మీ అసలు ప్రశ్న 'జ్ఞాపకం' దగ్గర ఉంది. సంస్కృతంలో ఈ మాటకు మతికి రావడం అనే అర్థం ప్రధానం కాదు. దానికి స్మృతి, స్మరణ ఉన్నాయి. జ్ఞాపకం అంటే తెలియజేసేది. హేతువుల్లో కారకహేతువు, జ్ఞాపకహేతువు అని రెండు చెబుతారు. కుండకు మట్టి కారకం. కొండ మీద నిప్పుకు పొగ జ్ఞాపకం. పొగ నిప్పును పుట్టించదు, ఉందని పట్టిస్తుంది.

సంస్కృత వ్యాకరణంలో ఈ మాట ఇంకా లోతుకు పోయింది. సూత్రకారుడు పాణిని అర్ధమాత్ర, అంటే అర అక్షరమంత కాలం కూడా వృథా చేయడని వైయాకరణుల నమ్మకం. అటువంటివాడి సూత్రంలో ఎక్కడైనా అనవసరంగా ఒక మాట కనిపిస్తే, దాన్ని కొట్టెయ్యరు. ఎందుకు పెట్టాడా అని తవ్వుతారు. పాణిని నోరు విప్పి చెప్పని నియమమేదో ఆ మాట వల్ల బయటపడుతుంది. అదే జ్ఞాపకం. సూత్రాలను ఎలా అన్వయించాలో చెప్పే నియమాలను పరిభాషలంటారు. వైయాకరణుడు నాగేశభట్టు 'పరిభాషేందుశేఖరం'లో విచారించిన పరిభాషల్లో ఇలా జ్ఞాపకం వల్ల బయటపడినవి ఎన్నో.

తెలుగులోకి, కన్నడ తమిళాల్లోకి వచ్చేసరికి తెలియజేసే వస్తువును వదిలి, మతికి రావడమే జ్ఞాపకం అయింది. ఇది పొరపాటున జరిగిందని నేననుకోను. మన సొంత మాట 'గుర్తు' చూడండి. మొదట అది ఆనవాలు. తరవాత 'నాకు గుర్తుంది' అన్నాం. గుర్తు నడిచిన దారినే జ్ఞాపకమూ నడిచింది. వస్తువు కనబడితే మనసు కదులుతుందని మనవాళ్లకు తెలుసు. దుష్యంతుడికి శకుంతల ఎలా గుర్తొచ్చింది? ఉంగరం చూసి. కాళిదాసు నాటకం పేరులోని 'అభిజ్ఞానం' ఆ ఉంగరమే.

ఇప్పుడు మీ నోటుపుస్తకం తిరగెయ్యండి. మీరు తప్పుపట్టిన చిన్న చిన్న సంగతులు సూత్రంలో అదనంగా కనబడే మాటలవంటివి. ఆ ఇంట్లో ఎవరు ముందు తిన్నారు, ఎవరు చివర తిన్నారు అని ఒక రచయిత రెండు పేజీలు రాస్తే, అక్కడ ఆయన చెప్పని ఇంటి ధర్మం మీకు తెలియాలి. తేదీకి ఆ పని చేతకాదు. నిజమే, జ్ఞాపకాలన్న పేరు చాటున బద్ధకంగా రాసేవారూ ఉన్నారు. పొగ ఉండి నిప్పు లేని పుస్తకాలు నేనూ చదివాను. వాటి మీద మీ నిరాశ న్యాయమే.

స్వీయచరిత్ర అన్నప్పుడు 'చరిత్ర' ఉంది కనుక వరసనూ ఆధారాన్నీ అడగవచ్చు. వీరేశలింగంగారు ఆ పేరే పెట్టుకున్నారు. ఆత్మకథలో ఆ పట్టుదల కొంత సడలుతుంది. ఆదిభట్ల నారాయణదాసు తన ఆత్మకథను 'నా యెఱుక' అన్నారు, అంటే నాకు తెలిసినది అని, అది వేరే లెక్క. వాడుకలో ఇవన్నీ కలిసిపోయాయి కనుక ఒకదాని బదులు ఒకటి వాడితే తప్పని కచ్చితంగా అనలేను. జ్ఞాపకాలను చరిత్ర తూకపురాళ్లతో తూచడం మాత్రం నాకు నచ్చదు.



సమీక్ష అంటే బాగా పరికించి చూడటం. మీరు రాసుకునేది మీ కోసమైతే 'అభిప్రాయం' చాలు. ఒక్కో పుస్తకాన్ని రెండోసారి చదివాక రాస్తే సమీక్ష అనండి, నేను అడ్డు చెప్పను.