మెడికల్ షాపులో ఇంజక్షన్ వేస్తే ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ కాపాడుతుందా?

ప్రశ్న: మాది జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. డి.ఫార్మసీ చదివి, రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆరేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. టీటీ అనో, నడుం నొప్పి అనో వచ్చినవాళ్లు ‘నువ్వే వెయ్యి అన్నా’ అంటే ఇంజక్షన్ వేస్తున్నాను. కోవిడ్ టైంలో వ్యాక్సిన్ వేసేవాళ్లలో ఫార్మసిస్టులను కూడా ప్రభుత్వమే చేర్చింది కదా. మా మేనకోడలు డల్లాస్‌లో ఫార్మసిస్టు, రోజూ ఫ్లూ వ్యాక్సిన్లు వేస్తుంది. మొన్న డ్రగ్ ఇన్‌స్పెక్టర్ హెచ్చరించి వెళ్లినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఏదైనా ట్రైనింగ్ తీసుకుంటే పర్మిషన్ వస్తుందా?

జవాబు: ముందు మీ షాపులో ఇంజక్షన్ వేయడం ఈ రోజు నుంచే ఆపేయండి. మీకు చెయ్యి తిరిగి ఉండొచ్చు, దాన్ని నేను శంకించడం లేదు. కానీ పని రావడం వేరు, ఆ పని చేసే అధికారం ఉండడం వేరు.

మీ రిజిస్ట్రేషన్ 1948 నాటి ఫార్మసీ చట్టం కింద వచ్చింది. డాక్టరు రాసిన మందును తయారుచేసి, చూసి ఇచ్చే హక్కు అది. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో ‘డిస్పెన్సింగ్’ అంటే ఏమిటో చదవండి. రోగి తర్వాత వాడుకోవడానికి లేదా రోగికి తర్వాత ఇవ్వడానికి వీలుగా మందును సరైన ప్యాకింగుతో, లేబులుతో అందించడం అని ఉంటుంది. అంటే మీ పని కౌంటర్ దగ్గర ముగుస్తోంది. సూది గుచ్చడం ఆ తర్వాతి సంగతి.

అవే నిబంధనల్లో, ఫార్మసీ ప్రాక్టీసులో ఏమేం వస్తాయో చెప్పేచోట, రోగికి మందు ఎక్కించే పనిలో ‘పాలుపంచుకోవడం’ అనే మాట కూడా ఉంది. మీ తరఫున వాదించాల్సి వస్తే నేను మొదట పట్టుకునేది దాన్నే. ఆసుపత్రిలో డాక్టరు, నర్సులతో కలిసి పనిచేసే ఫార్మసిస్టుకు ఆ మాట పనికొస్తుంది. ఒంటరిగా షాపులో, ఎవరి ఆదేశమూ లేకుండా వేసినవాళ్లను అది గట్టెక్కిస్తుందని నేను నమ్మను. ఆ ఒక్క మాట మీద మీ జీవితాన్ని పెట్టకండి.

ఎందుకంటే అవతలి వైపు చట్టం గట్టిగా ఉంది. నడుం నొప్పి అని వచ్చిన మనిషికి ఏ ఇంజక్షన్ వేయాలో మీరే నిర్ణయించారంటే అది వైద్యం చేయడమే. డాక్టర్ల రిజిస్టరులో పేరు లేనివాళ్లు వైద్యం చేస్తే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందును చీటీ లేకుండా అమ్మడం డ్రగ్స్ రూల్స్‌లోని 65వ రూలుకు విరుద్ధం. మీ లైసెన్సుకే ముప్పు.

చీటీ ఉంటే? అది ఎవరి చీటీ అన్నది చూడాలి. చట్టంలో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. మన ఊళ్లలో ఆర్ఎంపీ అని పిలిచేది వేరేవాళ్లను. వాళ్లు కాగితం ముక్క మీద రాసిచ్చింది ప్రిస్క్రిప్షన్ కాదు. ఈ తేడా తెలియక ఇబ్బందుల్లో పడ్డ షాపులవాళ్లు చాలామంది. నిజమైన ఎంబీబీఎస్ డాక్టరు రాసిచ్చినా, ఆ మందు అమ్మే హక్కే మీకు స్పష్టంగా ఉంది. షాపులో దాన్ని ఎక్కించే హక్కు ఇస్తున్నానని ఏ చట్టమూ చెప్పలేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. షాపు వెనకాల కర్టెన్ చాటున స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కూలీ మనిషికి పిరుదు మీద నొప్పి ఇంజక్షన్ వేశారు. సూది నరానికి తగిలింది. మర్నాటికి పాదం పైకి లేవలేదు, నెలల తరబడి కాలు ఈడ్చుకుంటూ నడిచాడు. పోలీసులకు పెద్ద సాక్ష్యం ఏమీ అక్కర్లేకపోయింది. మందు, సిరంజి, తేదీ అన్నీ ఉన్న షాపు బిల్లే సరిపోయింది.

ప్రాణం పోతే సంగతి ఇంకా కష్టం. భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం నిర్లక్ష్యం వల్ల మరణిస్తే అయిదేళ్ల దాకా శిక్ష. చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకైతే రెండేళ్లే గరిష్ఠం. మీరు డాక్టరు కారు కాబట్టి మీకు అయిదేళ్ల లెక్కే.

కోవిడ్ సంగతి నిజమే. 2020 డిసెంబరు మార్గదర్శకాల్లో ఫార్మసిస్టులూ ఉన్నారు. కానీ అది ప్రభుత్వ కార్యక్రమం. శిక్షణ ప్రభుత్వానిది, వేసిన చోటు ప్రభుత్వం ఒప్పుకున్నది. వేశాక అరగంట కూర్చోబెట్టి చూసేవాళ్లు, రియాక్షన్ వస్తే చూసుకునే ఏర్పాటు ఉండేది. ఆ అనుమతి ఆ కార్యక్రమం వరకే, మీ షాపు దాకా రాదు.

మీ మేనకోడలిని అడిగితే తనే చెబుతుంది. అమెరికాలో అందుకు చట్టమే దారి వేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1994లో ఫార్మసిస్టులకు శిక్షణ మొదలైంది, 2009 నాటికి 50 రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. మీ మేనకోడలు ఉన్న టెక్సస్‌లో ఆ అధికారం రావాలంటే దాదాపు 20 గంటల కోర్సు, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్, డాక్టరు సంతకం చేసిన లిఖిత ప్రొటోకాల్ ఉండాలి. సీపీఆర్ గడువు దాటనివ్వకూడదు. నిలబెట్టుకోవడానికి ఈ అంశంలో చదువు కొనసాగించాలి. ఇక్కడ మనకు అలాంటి కోర్సు లేదు. ఏ ప్రైవేటు సంస్థ సర్టిఫికెట్ ఇచ్చినా అది మీకు అధికారం ఇవ్వదు, డబ్బు దండగ. అయిదేళ్లలో రెండు రిఫ్రెషర్ కోర్సులు చేయడం మీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసమే, ఇంజక్షన్ కోసం కాదు. మన ఫార్మసిస్టులకూ అలాంటి దారి వేయాలని నేను గట్టిగా కోరుకుంటాను. పల్లెల్లో మనిషికి మొదట దొరికేది మీరే.

అప్పటిదాకా ఇన్సులిన్ పెన్ను ఎలా వాడాలో చూపించండి, అది కౌన్సెలింగ్, మీ పనే. గాయం తగిలి టీటీ అడిగినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి, అక్కడ ఉచితం. షాపులో వాడిన సూదులు ఉంటే చెత్తలో పారేయకండి. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు మీకూ వర్తిస్తాయి, దగ్గరలోని ఆసుపత్రి ద్వారా అప్పగించండి. ఇన్‌స్పెక్టర్ నుంచి నోటీసు వస్తే మీ అంతట మీరు జవాబు రాసి ఇవ్వకండి. ఆ కాగితం, గత ఏడాది బిల్లు పుస్తకాలు తీసుకుని ముందు వకీలును కలవండి.