తాగి వాహనం నడపడం వల్ల జరిగే మరణాలు శిక్షలు పెంచితే తగ్గుతాయా?

శిక్షలు ఇంకా కఠినం చేస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. ఒకసారి పట్టుబడినవాడిగా చెబుతున్నాను: శిక్ష ఎంతో ఆ రాత్రి నాకు గుర్తే రాలేదు, దారిలో ఎవరో ఒకరు ఆపుతారని నమ్మి ఉంటే మాత్రం బండి తీసేవాడిని కాను.

2018లో హైదరాబాదులో ఒక మిత్రుడి వీడ్కోలు విందు ముగించుకొని, రాత్రి పదకొండున్నరకు బైకుపై ఇంటికి బయలుదేరాను. మాట తడబడలేదు, అడుగు తూలలేదు కనుక బాగానే ఉన్నాననుకున్నాను. మెహదీపట్నం దగ్గర పోలీసులు ఆపి ఊదమంటే యంత్రం 74 చూపింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం నేరమే. బండి వాళ్ల దగ్గరే ఉండిపోయింది. గోషామహల్‌లోని ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో జరిగే కౌన్సెలింగుకు ఇంట్లోవారిని వెంటబెట్టుకొని రమ్మన్నారు. ప్రమాదాల దృశ్యాలు చూపుతున్నంతసేపూ నా భార్య తలెత్తలేదు. కోర్టు వేసిన రెండు వేల జరిమానాను (2019 సవరణ తరువాత అది పది వేలయింది) కట్టిన నెలకే మరచిపోయాను. ఆమె పక్కన కూర్చున్న ఆ గంటను మాత్రం మరవలేదు.

అయితే నా మిత్రులు ఆ సంఘటన నుంచి నేర్చుకున్నది వేరు. వారాంతపు రాత్రుల్లో ఏ కూడలిలో తనిఖీ ఉందో వాట్సాప్ గ్రూపుల్లో తెలుసుకొని సందుల్లోంచి వెళ్లడం మొదలుపెట్టారు. అందుకే తనిఖీలు ఏ రోజు, ఏ వేళ, ఏ దారిలో జరుగుతాయో ఎవరికీ అంతుచిక్కకూడదంటాను. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబరులో ఇటువంటి తనిఖీలు మొదలుపెట్టాక ప్రాణాంతక ప్రమాదాలు గణనీయంగా తగ్గాయి.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని ఆదేశించింది; మరుసటి ఏడాది చిన్న ఊళ్ల పరిధిలో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. దుకాణం జరిగింది గాని, తాగినవాడు బండి మీదే కదా ఇంటికి రావాలి! ఊరి బయటి ఫంక్షన్ హాలు నుంచి రాత్రి పది దాటితే ఆటో దొరకని చోట, ఎంత మంచి చట్టమైనా సగం దూరమే వెళుతుంది.

చాలామంది పట్టించుకోనిది తెల్లవారి ప్రయాణం. శరీరం సగటున 100 మిల్లీలీటర్ల రక్తం నుంచి గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పునే ఆల్కహాలును వదిలించుకుంటుంది. అర్ధరాత్రి 150 ఉన్నవాడికి ఉదయం ఆరింటికి ఇంకా 60 ఉంటుంది, అంటే చట్టం అనుమతించినదానికి రెట్టింపు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీటి స్నానం ఈ లెక్కను మార్చలేవు. రాత్రంతా నిద్రపోయాను కదా అని స్టీరింగు పట్టుకునే డ్రైవరుకు ఈ విషయం ఎవరూ చెప్పరు.

గత ఏడాది మా ఊళ్లో పెళ్లికి మేము ముందుగానే ఒక వ్యాను మాట్లాడుకొని, మందు సీసాలు తెరవకముందే అందరి బండి తాళాలూ ఒక సంచిలో వేయించాము. మా పెదనాన్న కొడుకు అలిగి భోజనం కూడా మానేశాడు. అతని తాళం మరునాడు మధ్యాహ్నం పన్నెండుకు గాని ఇవ్వలేదు.