పుట్టినరోజు అప్పు పాప మూడో తరగతిదాకానా?

ప్రశ్న: పాప పుట్టకముందే మేమిద్దరం డైరీలో కొన్ని రూల్స్ రాసుకున్నాం. ఇంటి లోన్ తప్ప ఇంకో అప్పు వద్దు, పుట్టినరోజులు ఇంట్లోనే, స్కూలు దగ్గర్లో ఏదుంటే అది, ఆరు నెలల ఖర్చు బ్యాంకులోంచి కదపకూడదు. పాపకిప్పుడు మూడేళ్లు. ఒక్క రూలూ మిగల్లేదు. మొదటి పుట్టినరోజుకి 14 శాతం వడ్డీకి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాం, ఇంకో ఏడాది 10,250 చొప్పున కట్టాలి. క్రెడిట్ కార్డు మీద 1.4 లక్షలున్నాయి, నెలకు 7 వేలు కడుతున్నాం. దాచిన 4.2 లక్షల్లో 18 వేలు మిగిలాయి. నా భార్య ఉద్యోగం మానేసింది. నా జీతం చేతికి 96 వేలు, ఇంటి వాయిదా 32 వేలు, ఇంటి ఖర్చు 35 వేలు. పాపకు గొలుసు చేయిద్దామని 2 లక్షల చీటీ వేశాం. నెలకు 10 వేలు, ఇంకా ఐదు నెలలుంది, పాడలేదు. బ్యాంకు వాళ్లు ఐదేళ్లకు 4 లక్షల టాపప్ (అదనపు లోన్) ఇస్తామంటున్నారు. దాంతో పాత లోన్, కార్డు తీర్చేసి మిగతాది ఎల్‌కేజీ ఫీజుకి వాడమంటారా? ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి ఖాతా కూడా తెరవాలా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రూల్స్ తప్పినందుకు సిగ్గుపడాల్సిన పనేం లేదు. పిల్లకు ఫోన్ చూపించకూడదన్న రూలు మా ఇంట్లో తొమ్మిది నెలలు నిలబడింది, అదీ మా అత్తగారు ఊళ్లో లేరు కాబట్టి. పుట్టినరోజు హాల్లో చేశారా, ఇంట్లో చేశారా అన్నది నాకు అనవసరం. మీరు తప్పిన నాలుగింట్లో మూడు సరదాకు సంబంధించినవి. నాలుగోది, ఆ ఆరు నెలల డబ్బు, మాత్రం అసలు ముట్టుకోకూడనిది. నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇదే కథ: బిడ్డ పుట్టాక ముందు ఖాళీ అయ్యేది ఆ ఖాతాయే.

ఒక్కసారి లెక్క చూడండి. డైరీ రాసుకున్నప్పుడు ఇంట్లో రెండు జీతాలు. ఒకటి ఆగినా రెండోది ఉండేది. ఇప్పుడు జీతం ఒక్కటే, తినే నోళ్లు మూడు. ఆ నిధి పెరగాల్సిన సమయంలో మీరు దాన్ని ఖర్చుపెట్టారు. రేపు మీ ఉద్యోగం పోయిందనుకోండి, ఖాతాలో ఉన్న 18 వేలు ఒక్క ఇంటి వాయిదాకి కూడా చాలవు. కట్టాల్సిన వాయిదా 90 రోజులు దాటితే బ్యాంకు మీ ఇంటి లోన్‌ని మొండి బాకీల్లో వేస్తుంది. పాపకు జ్వరమొచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంటే అడ్వాన్సు ఎక్కడి నుంచి కడతారు? మళ్లీ కార్డే కదా.

ఇక టాపప్. ఇప్పుడు లోన్‌కీ కార్డుకీ కలిపి నెలకు 17,250 పోతోంది. టాపప్ వాయిదా, అదే 14 శాతమైతే, 9,300 చిల్లర. నెలకు దాదాపు 8 వేలు మిగులుతాయి కాబట్టే అది ముద్దొస్తోంది. కానీ ఐదేళ్లలో కట్టే వడ్డీ 1.58 లక్షలు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఏడాదిలో వదిలిపోయే పుట్టినరోజు బాకీని పాప మూడో తరగతికి వెళ్లేదాకా మోస్తారన్నమాట. పైగా ఖాళీ చేసిన కార్డు ఖాళీగా ఉండదు. ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ నింపుకుని వచ్చినవాళ్లను చాలామందినే చూశాను. వద్దు.

కార్డు మాత్రం ఈ నెలే తీరాలి. నెలకు 3.5 శాతం అయితే 1.4 లక్షల మీద వడ్డీ 4,900, దాని మీద 18 శాతం జీఎస్టీ 882. మీరు కట్టే 7 వేలల్లో అసలుకి చేరేది 1,218 రూపాయలు! 42 శాతం వడ్డీకి అప్పు పెట్టుకుని పక్కన గొలుసు కోసం చీటీ కట్టడం ఏం లెక్కో నాకర్థం కాలేదు. చీటీ ఈసారి పాడేయండి. చివరి నెలల్లో పోటీ పెద్దగా ఉండదు. కమీషన్, తగ్గింపు పోను 1.85 లక్షలు వచ్చాయనుకుందాం. మిగతా ఐదు వాయిదాలకు జామీను అడుగుతారు, మీ జీతం స్లిప్పులు సిద్ధంగా పెట్టుకోండి. అందులో 1.4 లక్షలు కార్డుకి. మిగిలిన 45 వేలు, ఖాతాలో ఉన్న 18 వేలు కలిపి 63 వేలతో నిధి మళ్లీ మొదలుపెట్టండి.

కార్డుకి కట్టే 7 వేలు వచ్చే నెల నుంచే దీనికి మళ్లించండి. చీటీ అయిపోయాక ఆ 10 వేలూ కలపండి. ఏడాది తిరిగేసరికి 2.17 లక్షలవుతాయి. అప్పటికి పర్సనల్ లోన్ తీరుతుంది, ఆ 10,250 కూడా ఇటే. ఇంకో తొమ్మిది నెలలకు 4.6 లక్షలు దాటుతుంది. ఇంటి వాయిదా, ఖర్చు కలిపి నెలకు 67 వేల చొప్పున ఆరు నెలలకి 4.02 లక్షలు చాలు కానీ, ఒక్క జీతమున్న ఇంటికి నేను తొమ్మిది నెలలు అడుగుతాను. 6 లక్షలు వచ్చేదాకా ఆపకండి. ఈ ఖాతా మీ భార్య పేరు మీద, వేరే బ్యాంకులో, ఏ యూపీఐ యాప్‌కీ లింక్ చేయకుండా ఉంచండి. స్కాన్ చేస్తే పోయే డబ్బు నిధి కాదు.

స్కూలు సంగతి: ప్లే స్కూలుకి కడుతున్నది మీ 35 వేలల్లోనే ఉంటుంది. ఎల్‌కేజీ కూడా అంతలోనే ఇమడాలి. మీ పాత రూలు ఇక్కడ బానే ఉంది. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి ముగ్గురికీ కలిపి సొంతంగా 10 లక్షల పాలసీ చూడండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా, ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అది ముందు. సుకన్యకి పాపకు పదేళ్లు నిండేదాకా టైముంది. మరీ మనసు లాగితే 250 రూపాయలతో తెరిచి, ఏటా కనీసం ఆ 250 మాత్రం కడుతూ ఉండండి.

టాపప్ అమ్మాయి మళ్లీ ఫోన్ చేస్తే వద్దని చెప్పి, చీటీ కంపెనీకి ఫోన్ చేసి వచ్చే పాట ఏ తేదీనో కనుక్కోండి.